మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పని కండలు పెంచడమేనా? తక్కువ ఉందంటే ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?

మీ రెండో ప్రశ్నకు జవాబు నేను పడి తెలుసుకున్నాను. అందుకే ముందు అదే చెప్తాను.

నాకు 31 ఏళ్లప్పుడు ఎప్పుడు చూసినా నీరసంగా ఉండేది. జిమ్ ట్రైనర్ చెప్తే ఒక రోజు ఆఫీసు నుంచి వస్తూ సాయంత్రం ఏడింటికి టెస్టోస్టిరాన్ పరీక్షకు రక్తం ఇచ్చాను. 270 వచ్చింది. మగవాళ్లకు డెసీలీటరుకు సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములు ఉండాలని చాలా ల్యాబులు వేస్తాయి. భయపడిపోయి ఆ ట్రైనర్ తెచ్చిన ఇంజెక్షన్లు ఏడు నెలలు వేయించుకున్నాను. కండలు వచ్చాయి, హుషారూ వచ్చింది. పిల్లల కోసం చూస్తున్న రోజులవి. వీర్య పరీక్ష చేయిస్తే కౌంట్ అన్నచోట 'నిల్' అని ఉంది. నా భార్య ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఇంటికి చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ఆ రిపోర్టు వెనకే బొమ్మ గీసి చూపించారు. మెదడులోని హైపోథాలమస్ కబురు పెడితే, బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. అది వృషణాల్లోని లేడిగ్ కణాలకు చేరితే అక్కడ టెస్టోస్టిరాన్ తయారవుతుంది. రక్తంలో సరిపడా ఉంటే పైనుంచి కబురు తగ్గిపోతుంది. నేను బయటి నుంచి ఎక్కించుకోవడంతో ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ (అదే గ్రంథి వదిలే మరో హార్మోన్) రెండూ పడిపోయాయి. వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణాల లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. సూదితో రక్తంలో పెరుగుతుంది కానీ అక్కడ పెరగదు, ఇంకా తగ్గిపోతుంది.

ఇంజెక్షన్లు ఆపేసి, డాక్టరు రాసిన, ఎల్‌హెచ్ లాగే పనిచేసే హెచ్‌సీజీ తీసుకుంటే కౌంట్ మళ్లీ రావడానికి 11 నెలలు పట్టింది. మధ్యలో మూడు నాలుగు నెలలు మొదటికంటే ఎక్కువ నీరసం, ఊరికే చిరాకు. ఇప్పుడు మా పాపకు రెండేళ్లు.

ఇక మొదటి ప్రశ్న. కండలు ఇది చేసే పనుల్లో ఒకటి మాత్రమే. యుక్తవయసులో గొంతు మారడం, గడ్డం రావడం, కోరిక కలగడం, ఎర్రరక్తకణాలు తయారవడం, అన్నిటిలో దీని చెయ్యి ఉంది. ఇందులో కొంత ఈస్ట్రోజన్‌గా మారి మగవాళ్ల ఎముకలను కాపాడుతుంది. ఇంకొంత డీహెచ్‌టీ అనే మరో హార్మోన్‌గా మారుతుంది, వంశంలో ఉన్నవాళ్లకు బట్టతల దానివల్లే. ఆడవాళ్లలోనూ ఉంటుంది, చాలా తక్కువ మోతాదులో.

నా 270 సంగతికొస్తే, అసలు ఆ పరీక్షే సరిగ్గా చేయించుకోలేదు. టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది. పరగడుపున ఉదయం ఏడు నుంచి పది లోపు, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూడాలి. నిద్ర లేకపోయినా, ఒళ్లు పెరిగినా, షుగర్ ఉన్నా తగ్గుతుంది. అప్పట్లో నేను రోజూ ఐదు గంటలు కూడా పడుకునేవాణ్ని కాదు. తొమ్మిది కిలోలు తగ్గి, వేళకు నిద్రపోవడం మొదలుపెట్టాక పొద్దున చేయిస్తే ఏ మందూ లేకుండా 430 వచ్చింది.

పిట్యూటరీ జబ్బు వల్లో, పుట్టుకతో వచ్చిన సమస్య వల్లో నిజంగా తక్కువ ఉన్నవాళ్లకు ఈ ఇంజెక్షన్ అవసరమే. వాళ్లకు డాక్టర్లు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథికి చేసే రక్తపరీక్ష) చూసుకుంటూ ఇస్తారు. మీకు పిల్లలు కావాలనుకుంటే ఆ మాట మొదటి రోజే డాక్టరుతో చెప్పండి. మీరు రక్తం ఏ టైముకు ఇచ్చారో, ఎల్‌హెచ్ కూడా చూశారో లేదో కింద రాయండి.