మీరు నడిస్తే తెరమీది బొమ్మ కూడా నడిచే ఫోన్ ఆట పోకెమాన్ గోలో, ఇంట్లో కదలకుండా కూర్చున్నా ఆ బొమ్మ ఎందుకు అటూ ఇటూ నడుస్తుంది?

గోడల మధ్య జీపీఎస్ సిగ్నల్ సరిగా అందక, ఫోన్ మీ స్థానాన్ని క్షణక్షణానికీ వేరుగా లెక్కగడుతుంది కాబట్టి.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. సిగ్నల్ ఎంత సమయంలో చేరిందో చూసి ఫోన్ దూరం లెక్కిస్తుంది. ఆరుబయట తేడా దాదాపు 5 మీటర్లే. ఇంట్లో అయితే సిగ్నల్ కాంక్రీటులో బలహీనపడుతుంది, పక్క భవనాలకు తగిలి ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని ఫోన్ అదనపు దూరంగా లెక్కేసుకుంటుంది. ఉదాహరణకు, పోకెస్టాప్ (ఆటలో వస్తువులు దొరికే చోటు) 80 మీటర్ల లోపు ఉంటేనే అందుతుంది. మీరు 60 మీటర్ల దూరంలో, అపార్ట్‌మెంట్ లోపలి గదిలో ఉన్నారనుకోండి. లెక్క 30 మీటర్లు తప్పితే చాలు, స్టాప్ చేజారుతుంది.

చాలామంది నెట్ స్లో అనుకుని డేటా ప్యాక్ మారుస్తారు. అది వృథా ఖర్చు. స్థానం తెలియడానికి నెట్ తప్పనిసరి కాదు, ఆట నడవడానికే కావాలి. ముందు బ్యాటరీ సేవర్ తీసేయండి. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ సెట్టింగ్స్‌లోని గూగుల్ లొకేషన్ యాక్యురసీ, వైఫై స్కానింగ్ ఆన్ చేయండి; ఐఫోన్‌లో ఆ ఆటకు ప్రిసైస్ లొకేషన్ ఇవ్వండి. వైఫైకి కనెక్ట్ కానక్కర్లేదు, చుట్టుపక్కల రౌటర్లు కనిపిస్తే చాలు, వాటిని బట్టి కూడా ఫోన్ స్థానాన్ని అంచనా వేస్తుంది. అప్పటికీ కుదరకపోతే కిటికీ దగ్గరికి జరగండి.