ఫిన్లాండ్ మాటల వెంట పడ్డ అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మార్కులకు లోటు లేదు. కానీ ఆర్నెల్లుగా ఫిన్నిష్, ఎస్టోనియన్, జర్మన్ మాటలు ఎక్కడ పుట్టాయో వెతుకుతూ నోట్‌బుక్కులు నింపుతోంది. ఇంజినీరింగ్ వద్దు, ఇదే చదువుతానంటోంది. అసలు ఇలాంటి చదువు ఉంటుందా? ఉంటే అన్నం పెడుతుందా? ఇంట్లో రోజూ ఇదే గొడవ.
- ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: నమస్తే అండీ. 'పదాల పుట్టుక చెప్పేవారు కావలెను' అన్న ప్రకటన నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. అది ముందే చెప్పేస్తే మనకు మంచిది. అయితే చదువు మాత్రం ఉంది. దాని పేరు చారిత్రక భాషాశాస్త్రం. నేరుగా అన్నం పెట్టేది దాని పక్క గదిలో ఉంటుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు అమ్మాయి దేని మీద పడిందో మీకు కాస్త తెలిస్తే గొడవ సగం తగ్గుతుంది.

ఫిన్నిష్, ఎస్టోనియన్‌లది ఒక కుటుంబం. జర్మన్, స్వీడిష్, ఇంగ్లీషులది వేరే కుటుంబం, దాన్ని జర్మానిక్ అంటారు. తెలుగుకూ హిందీకీ ఉన్న తేడా లాంటిదే. కానీ రెండు వేల ఏళ్లుగా ఇరుగుపొరుగు కాబట్టి మాటలు అప్పు తీసుకున్నారు. ఫిన్నిష్‌లో రాజును 'కునింగస్' అంటారు. అది పాత జర్మానిక్ భాష నుంచి తెచ్చుకున్న మాట. ఇచ్చినవాళ్ల దగ్గర అది అరిగిపోయి ఇంగ్లీషులో 'కింగ్', జర్మన్‌లో 'కోనిగ్' అయింది. తీసుకున్నవాళ్లు మాత్రం చివరి 'అస్'తో సహా ఊరగాయ జాడీలో పెట్టినట్టు దాచారు. డెన్మార్క్‌కు చెందిన విల్హెల్మ్ తోమ్సెన్ 1869లో ఈ అప్పుల మీదే సిద్ధాంత గ్రంథం రాశాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు.

ఇందులో మనకు దగ్గరగా తగిలే సంగతి ఒకటుంది. పాత ఫిన్నిష్‌లో 'ఫ' లేదు. అందుకే పొలానికి జర్మానిక్ వాళ్లు వాడిన మాట (ఇంగ్లీషులో 'ఫీల్డ్') అక్కడ 'పెల్తో' అయింది. మన ఊళ్లలో పెద్దవాళ్లు 'పోను', 'కాపీ' అంటారే, అదే పని. మాట మొదట్లో 'స్క', 'స్త' లాంటివి వాళ్లకు నోరు తిరగలేదు. మనం ముందు 'ఇ' చేర్చి 'ఇస్కూలు' అన్నాం, వాళ్లు 'స'నే తీసేశారు. స్వీడిష్ 'స్కూలా' వాళ్లకు 'కౌలు' అయింది. (మన కౌలు రైతుకూ దీనికీ చుట్టరికం లేదు. ఆ కౌలు అరబ్బీ నుంచి వచ్చింది.) బస్‌ను మనం 'బస్సు' చేసుకుంటే వాళ్లు 'బుస్సి' చేసుకున్నారు, బ్యాంక్‌ను 'పంక్కి' అన్నారు.

ఇంకో ముచ్చట. ఫిన్నిష్‌లో వందను 'సత' అంటారు. మన 'శతం' గుర్తొచ్చిందా? గుర్తు రావాల్సిందే. మనం సంస్కృతం నుంచి తీసుకున్నాం. వాళ్ల పూర్వీకులు వేల ఏళ్ల కిందట, సంస్కృతానికి దగ్గరి చుట్టాలైన భాషలు మాట్లాడేవాళ్ల దగ్గర తీసుకున్నారు. అంటే ఇద్దరమూ ఒకే ఇంట్లో అప్పు చేశాం!

ఇక్కడే ఒక జాగ్రత్త. ఇలాంటి పోలికలు చూసి మురిసిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. చదువుగా తీసుకోదగ్గవాళ్లు తక్కువ. పోలిక కాదు, నియమం కావాలి. లాటిన్‌లో మొదట 'ప' ఉన్నచోట జర్మానిక్ భాషల్లో 'ఫ' వస్తుంది: 'పాటెర్' అంటే 'ఫాదర్', 'పిస్కిస్' అంటే 'ఫిష్'. ఇలాంటి మార్పులన్నిటినీ వరసలో పెట్టి 1822లో చెప్పింది పిల్లల కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన యాకోబ్ గ్రిమ్. మినహాయింపులు కనిపిస్తే 'పోనీలే' అనకుండా అవెందుకొచ్చాయని ఆ తర్వాతివాళ్లు యాభై ఏళ్లు తలలు పట్టుకున్నారు. ఆ ఓపిక మీ అమ్మాయికి ఉందా లేదా అన్నదే నా ప్రశ్న.

దానికి ఫిన్లాండ్ దాకా వెళ్లక్కర్లేదు. పబ్లిక్ పరీక్షలయ్యాక తెలుగు, కన్నడ మాటలు ఓ వంద జతలు రాయమనండి. పాలు-హాలు, పులి-హులి, పేరు-హెసరు. అలాగే చెవి-కివి, చెరువు-కెరె. జతలు ఎవరైనా రాస్తారు. 'ప' అంతా 'హ' అయిపోతే, కన్నడలో 'పుస్తక' మాత్రం 'హుస్తక' ఎందుకు కాలేదని తనంతట తాను అడిగిందా చూడండి. అడిగి, అది సంస్కృతం నుంచి వచ్చిన మాట కదా అని పట్టుకుంటే, మీరు నిశ్చింతగా ఈ దారిలో పంపొచ్చు. నేనైతే మార్కుల కన్నా దీన్నే నమ్ముతాను.

ఇక దారులు. ఎంపీసీ కాబట్టి నా మొదటి ఓటు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి. అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్, కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్‌లో (కంప్యూటర్‌తో భాషల పని చేయించే శాస్త్రం) ఎంఎస్ కలిపి ఐదేళ్ల కోర్సు ఉంది. యూజీఈఈ అనే వాళ్ల సొంత పరీక్ష రాయాలి. ఆ పక్క గది ఇదే. అనువాదం, మాటను రాతగా మార్చడం, సెర్చ్, వీటన్నిటికీ భాష లోపలి పని తెలిసినవాళ్లు కావాలి. 'ఇంజినీరింగ్ వద్దు' అన్న పిల్లకు ఇది చూపిస్తే ఏమంటుందో కనుక్కోండి.

అది కుదరకపోతే ఏ డిగ్రీ అయినా చేసి ఎంఏ లింగ్విస్టిక్స్‌కు రావచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) మూడింట్లోనూ ఉంది. ఉస్మానియాలో ఈ శాఖను నిలబెట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద ప్రపంచమంతా ఒప్పుకున్న పని చేశారు. 1986లో సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. అందరికీ అంత దక్కదు. అధ్యాపక పోస్టులు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. అందుకే చేతిలో రెండో పని ఉండాలంటాను.

ఆ రెండో పని జర్మన్. ఇప్పటి నుంచే మొదలుపెట్టించండి. పదాల పుట్టుక మీద పాత పరిశోధన చాలావరకు ఆ భాషలోనే ఉంది. పైగా బీ2 స్థాయికి (భాషా పరీక్షల ఆరు మెట్లలో నాలుగోది) వస్తే ట్రాన్స్‌లేషన్, టీచింగ్, కంపెనీల్లో భాషా ఉద్యోగాలు విడిగా దొరుకుతాయి. ఫిన్నిష్ తర్వాత నేర్చుకోవచ్చు. ఒక్క ఫిన్నిష్‌నే నమ్ముకుని ఇక్కడ ఉద్యోగం వెతుక్కోవడం కష్టం.

ఇంటర్ కాగానే విదేశం అంటే నేను ఒప్పుకోను. హెల్సింకి, ఎస్టోనియాలో తార్తు, స్వీడన్‌లో ఉప్సాలా ఈ చదువుకు పేరున్న చోట్లే. కానీ ఫిన్లాండ్‌లో ఇంగ్లీషు మీడియం డిగ్రీలకు మన పిల్లలు ఫీజు కట్టాలి. జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేకపోయినా అక్కడ ఉండే ఖర్చుకు డబ్బు ఉందని చూపించాలి. పీజీ తర్వాత వెళితే స్కాలర్‌షిప్, జీతంతో పీహెచ్‌డీ లాంటివాటికి పోటీ పడొచ్చు. అప్పు చేసి పంపే పని అప్పుడు ఉండకపోవచ్చు.

ఇప్పటికైతే ఆ నోట్‌బుక్కులు లాక్కోకండి. పరీక్షలయ్యేదాకా బీరువాలో పెట్టుకోమని, తాళం చెవి తన దగ్గరే ఉంచుకోమని చెప్పండి.