సన్నగా ఉన్న పిల్లాడికి బీపీ ఏంటని కొట్టిపారేయకండి

బడిలో పెట్టిన ఆరోగ్య శిబిరంలో 14 ఏళ్ళ అబ్బాయికి 138/86 వచ్చిందన్నారు. పల్లెలో పెరిగిన బక్కపిల్లాడికి బీపీ ఉంటుందా, మిషన్ తప్పు చూపించిందా అని మీ ప్రశ్న.

ఉండొచ్చు. మిషన్‌ను అనుమానించే ముందు చేతికి చుట్టిన కఫ్ ఏ సైజుదో కనుక్కోండి. భుజం కొన నుంచి మోచేయి దాకా ఉన్న పొడవులో సరిగ్గా సగం దగ్గర చేతి చుట్టుకొలత టేపుతో తీయండి. 22 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. కఫ్ లోపల గాలి నిండే సంచి వెడల్పు కనీసం అందులో 40 శాతం, అంటే దాదాపు 9 సెంటీమీటర్లు ఉండాలి. పొడవు 18 నుంచి 22 ఉండాలి. సంచి చిన్నదైతే అంకె పెరుగుతుంది, పెద్దదైతే తగ్గుతుంది. శిబిరాల్లో తరచుగా పెద్దవాళ్ళ కఫ్ ఒక్కటే ఉంటుంది. సన్నటి చేతికి అది వేస్తే ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది. దానితోనే 138 వచ్చి ఉంటే ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

అంకెను పెంచే పొరపాట్లూ ఉన్నాయి. ఆడుతూ ఆడుతూ పరుగున వచ్చి కూర్చోవడం, మాట్లాడటం, కాలు మీద కాలు వేసుకోవడం, మూత్రం ఆపుకోవడం. చెయ్యి గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితే చాలు, 7, 8 పాయింట్లు ఊరికే కలుస్తాయి. అందుకే వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా 5 నిమిషాలు కూర్చోబెట్టి, కుడిచేతికే చూడాలి. ఎక్కువ వస్తే అప్పుడే మరో రెండుసార్లు చూసి ఆ రెండిటి సగటు తీసుకోవాలి.

ఇంకో మాట. కొన్ని రికార్డుల్లో పిల్లలందరికీ 110/70, 120/80 అని వరసగా సున్నాలే కనిపిస్తాయి. చేత్తో చూసే పరికరంలో 2 పాయింట్ల తేడా కూడా తెలుస్తుంది. వరసగా సున్నాలున్నాయంటే అందాజుగా రాసేశారనే నా అభిప్రాయం. నిజంగా బీపీ ఉన్న పిల్లలు ఆ సున్నాల కిందే దాక్కుంటారు.

13 ఏళ్ళు నిండితే 130/80 నుంచి బీపీలో మొదటి దశ, 140/90 నుంచి రెండో దశ. అంతకంటే చిన్నవాళ్ళకు వయసు, ఎత్తు, ఆడా మగా చూసే పట్టికలు వేరే ఉన్నాయి. మొదటి దశ అంకె వస్తే ఒకటి రెండు వారాల్లో మళ్ళీ చూడాలి. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఎక్కువ వస్తేనే బీపీ అని తేలుస్తారు. 180/120 దాటినా, తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, ఫిట్స్ ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

పల్లెలో ఉంటే ఒళ్ళొంచి పనిచేస్తారు కాబట్టి బీపీ రాదన్న నమ్మకం చెడ్డది. తల్లిదండ్రులకు బీపీ ఉండటం, తక్కువ బరువుతో పుట్టడం, ఉప్పు ఎక్కువున్న ప్యాకెట్ తిళ్ళు, పొగాకు, ఫోనుతో 8 గంటల నిద్ర కూడా లేకపోవడం, ఎత్తులో సగం దాటిన నడుము, ఇవి ఊరూ పట్నం చూడవు.

బక్కపిల్లాడిలో నేను ముందు అనుమానించేది మూత్రపిండాలనే. పొద్దున్నే ముఖం వాస్తోందా, మూత్రం ఎర్రగా వస్తోందా అడగండి, మూత్ర పరీక్ష చేయించండి. గజ్జల్లో నాడి అందుతోందో లేదో చూడమని, కాలికి కూడా బీపీ కొలవమని డాక్టరును అడగండి. చేతికంటే కాలిలో తక్కువుంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఒకచోట ఇరుకై ఉండొచ్చు. 138/86 రాసిన చీటీ మీదే తేదీ, ఏ చెయ్యి, ఏ కఫ్ అన్నది రాసి వెంట తీసుకెళ్ళండి.