జెడ్పీ బడిలో బైబిల్ కథ చెబితే తప్పవుతుందా?

ప్రశ్న: మాది కావలి మండలం. మా వాడు జెడ్పీ హైస్కూల్లో ఏడో తరగతి. నీతి పాఠమని 'తప్పిపోయిన కుమారుడు' కథ చెప్పి, ఆఖర్న కళ్లు మూయించి ప్రార్థన చేయించారట. ఒక వాక్యం కంఠతా పట్టుకు రమ్మన్నారట. ఇది చట్టానికి విరుద్ధం కాదా? ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: కథ వేరు, ప్రార్థన వేరు. మీ ఫిర్యాదు నిలిచేది ప్రార్థన, కంఠతా మీదే. కథను ముందుకు తెచ్చారంటే కేసు బలహీనపడుతుంది.

రాజ్యాంగం 28(1) అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ చేయకూడదు. జెడ్పీ బడి ఆ కోవలోదే. తల్లిదండ్రులు ఒప్పుకున్నా అక్కడ కుదరదు. అయితే మతం గురించి చదువుకోవడం మతబోధ కాదని సుప్రీంకోర్టు 1971లో డీఏవీ కాలేజీ కేసులో, 2002లో అరుణా రాయ్ కేసులో చెప్పింది. కొడుకు తిరిగొస్తే తండ్రి ఎందుకు క్షమించాడని అడగడం పాఠం. ఆ తండ్రే దేవుడని నమ్మి చేతులు జోడించమనడం బోధ. రామాయణ కథకైనా, ఖురాన్ వాక్యానికైనా ఇదే కొలత. మన వాళ్లలో చాలామంది కొలతను పక్కవాడి మతానికే పెడతారు.

అదే ప్రభుత్వ సాయం అందుకునే (ఎయిడెడ్) మిషన్ బడి అయితే లెక్క మారుతుంది. నెల్లూరులో 1840 నుంచీ బాప్టిస్టు మిషన్ ఉంది గనక ఈ అనుమానం ఈ జిల్లాలో తరచూ వస్తుంది. అలాంటి బడుల్లో మతబోధ ఉండొచ్చు. కానీ 28(3) ప్రకారం మైనర్ పిల్లల్ని సంరక్షకుడి సమ్మతి లేకుండా అందులో కూర్చోబెట్టకూడదు. అడ్మిషన్ ఫారంలో మీరు దేని కింద సంతకం పెట్టారో చూసుకోండి.

మీ విషయంలో ముందు పాఠ్యపుస్తకం తీసి, ఆ కథ అందులో ఉందో టీచరు తెచ్చి చెప్పిందో చూడండి. పుస్తకంలోదైతే హెచ్‌ఎం చేతిలో ఏమీ లేదు, అది రాష్ట్ర స్థాయి విషయం. తేదీ, పీరియడ్, రాయించిన వాక్యం ఉన్న నోట్సు పేజీ జిరాక్సుతో హెచ్‌ఎంకు అర్జీ ఇవ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ దాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. స్పందన లేకపోతే నెల్లూరు డీఈఓకు (జిల్లా విద్యాశాఖాధికారికి). తర్వాత అదే కార్యాలయంలో సమాచార హక్కు అర్జీ, రుసుము పది రూపాయలు, గడువు 30 రోజులు. అందులో 'ఎందుకు చేయించారు' అని అడిగితే జవాబు రాదు. 'ఏ ఉత్తర్వు ప్రకారం, దాని నకలు ఇవ్వండి' అని అడగాలి. ఈ కాగితాలు లేకుండా 226వ అధికరణం కింద హైకోర్టుకెళితే, ముందు అధికారులకు విన్నవించుకున్నారా అన్నదే మొదటి ప్రశ్న.

అర్జీలో టీచరు మతం, కులం రాయొద్దు, ఏం చేయించారో రాయండి. 'మతమార్పిడి' అన్న మాట రుజువు లేకుండా వాడితే విచారణ దాని చుట్టూనే తిరిగి, అసలు సంగతి పక్కకు పోతుంది. వాట్సాప్‌లో వీడియో పెట్టి వ్యాఖ్యలు జోడించారా, భారతీయ న్యాయ సంహిత 196 (వర్గాల మధ్య వైరం రేపడం), 299 (మత మనోభావాలు గాయపరచడం) సెక్షన్ల కింద కేసు మీ మీదికే రావచ్చు. ఈలోగా, ప్రార్థన సమయంలో మా వాడిని మినహాయించండని ఒక్క వాక్యంలో విడిగా లేఖ ఇచ్చి, దానికీ ముద్ర వేయించుకోండి.