బీఆర్‌సీఏ ఉన్నా కీమో ఎందుకు పట్టలేదు? ఏ శాంపిల్‌కి టెస్ట్ చేశారో ముందు చూడండి

మీ అమ్మగారికి అండాశయ క్యాన్సర్, బీఆర్‌సీఏ1 (డీఎన్ఏను రిపేరు చేసే జన్యువు) లోపం ఉంది కాబట్టి ప్లాటినం మందులు బాగా పనిచేస్తాయన్నారు, తీరా కీమో అయిపోయిన ఐదో నెలకే సీఏ-125 (రక్తంలో ఈ క్యాన్సర్ జోరు చూపే గుర్తు) పెరిగింది, జీన్ రిపోర్టే తప్పా అని అడిగారు. తప్పు కానక్కర్లేదు. మా అమ్మ విషయంలో నేనూ ఇలాగే ల్యాబ్ వాళ్లతో గొడవ పడ్డాను.

మా అమ్మకి ఉన్న లోపం పేరు 185డెల్ఏజీ. అంటే బీఆర్‌సీఏ1లో రెండు అక్షరాలు లేవు. కణం జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. రెండు ఎగిరిపోతే అక్కడి నుంచి అంతా అడ్డదిడ్డం, ప్రోటీన్ సరిగా తయారవదు. ప్లాటినం మందైన కార్బోప్లాటిన్ డీఎన్ఏను దెబ్బతీస్తుంది, రిపేరు చేసుకోలేని క్యాన్సర్ కణం చచ్చిపోతుంది. మొదటి ఆరు సైకిళ్లకి అమ్మ సీఏ-125 ఎనిమిది వందల పైనుంచి 20కి దిగింది. గండం గడిచిందనుకున్నాం.

కానీ ఏదో ఒక కణంలో ఆ పక్కనే ఇంకో అక్షరం పోయిందనుకోండి. మొత్తం మూడు పోయినట్టు, చదువు మళ్లీ గాడిన పడుతుంది! రిపేరు మళ్లీ మొదలు, మందు పట్టదు. దీన్ని రివర్షన్ మ్యుటేషన్ అంటారు, 2008లోనే కనిపెట్టారు. రిపేరు లోపాన్నే ఆసరా చేసుకుని పనిచేసే మాత్ర ఒలాపారిబ్‌కీ ఇదే చిక్కు.

పుట్టుకతో వచ్చిన లోపం కోసం చేసే రక్తపరీక్షలో ఇది తెలియదు. మేం ట్యూమర్ టెస్ట్ చేయించాం కానీ, ఆసుపత్రి వాళ్లు పంపింది మొదటి ఆపరేషన్‌లో తీసిన ట్యూమర్ ముక్కను మైనంలో దాచిన బ్లాక్. నెల రోజులు, బోలెడు డబ్బు దండగ. కీమోకి ముందు తీసిన ముక్కలో కీమో తర్వాత వచ్చిన మార్పు ఎలా దొరుకుతుంది? తర్వాత అమ్మ పొట్టలోంచి తీసిన నీరు, పాలు లేని టీ రంగులో ఉంది, దాన్ని డాక్టరుగారే పంపించారు. అందులోని క్యాన్సర్ కణాల్లో ఆ రివర్షన్ దొరికింది.

అందరికీ కారణం ఇదే కాదు. ఏబీసీబీ1 జన్యువు జోరెక్కితే కణం కార్బోప్లాటిన్‌తో పాటు ఇచ్చే పాక్లిటాక్సెల్‌ను బయటికి తోడేస్తుంది, కార్బోప్లాటిన్‌ను మాత్రం కాదు. అయినా ఆరు నెలల లోపే తిరగబెడితే, జీన్ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మందు మారుస్తారు. అమ్మకి లైపోసోమల్ డాక్సోరుబిసిన్ ఇచ్చారు. అరచేతులు పొట్టు రేగాయి, నీరు మాత్రం తగ్గింది.

మీ రిపోర్టులో శాంపిల్ రక్తమా, బ్లాకా, ఏ తేదీదో చూసి రాయండి.