ఐదు రోజుల స్విట్జర్లాండ్‌కు ఒక్క హోటలు చాలు

మే నెలాఖరులో ఐదు రోజులు, ఇద్దరు పెద్దలు, స్కూలుకెళ్లే పిల్లలిద్దరు, తిరుగుడంతా రైల్లోనే. జ్యూరిక్, లూసర్న్, ఇంటర్లాకెన్, జెర్మాట్, జెనీవా అన్నీ చూడాలి. కొన్ని రోజుల పాటు దేశమంతా రైళ్లలో తిరగనిచ్చే స్విస్ ట్రావెల్ పాస్ కొనాలా, కొండల మీదుగా నడిచే టూరిస్టు రైలు గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ముందే బుక్ చేయాలా అని ఒకరు అడిగారు. రెండూ వద్దు. అసలు మార్చాల్సింది ఊళ్ల జాబితా.

ఐదు రోజుల్లో ఐదు ఊళ్లంటే నాలుగుసార్లు హోటలు మారాలి. పొద్దున పదీ పదకొండుకల్లా గది ఖాళీ చేయమంటారు, కొత్త గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. నడుమ రైలు ప్రయాణం, సామాన్లు, పిల్లలు. ఇంటర్లాకెన్ నుంచి జెర్మాట్‌కు స్పీట్స్, విస్ప్ దగ్గర రైలు మారుతూ రెండు గంటలకు పైగా పడుతుంది. జెర్మాట్ నుంచి జెనీవాకు మూడున్నర గంటల పైమాటే. కొండ మీద వాతావరణం బాగుండేది ఎక్కువగా ఉదయం పూట. ఆ ఉదయాలన్నీ సూట్‌కేసులు సర్దడానికే పోతాయి. ఇలాంటి పట్టికలు చేసిచ్చే ట్రావెల్ ఏజెంట్లంటే నాకు కోపం. ఊళ్ల పేర్లు పెరిగే కొద్దీ ప్యాకేజీ ఘనంగా కనిపిస్తుంది, కాళ్లు లాగేది మాత్రం మనకే.

నాలుగు రాత్రులూ ఒకేచోట పెట్టుకోండి. ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో గానీ, పక్క స్టేషన్ విల్డర్స్‌విల్‌లో గానీ. ఇంటర్లాకెన్‌లో వెస్ట్, ఓస్ట్ అని రెండు స్టేషన్లున్నాయి. కొండల మీదికి వెళ్లే రైళ్లు బయల్దేరేది ఓస్ట్ నుంచే. హోటలు వెస్ట్ దగ్గర తీసుకుంటే రోజూ ఒక రైలో బస్సో అదనంగా ఎక్కాలి. వంటగది ఉన్న అపార్ట్‌మెంటు దొరికితే హోటలు కన్నా అదే మేలు. ఓస్ట్ స్టేషన్ ఎదురుగానే కోప్ సూపర్‌మార్కెట్ ఉంది, బియ్యం, పెరుగు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి. హోటలు గదిలో రైస్ కుక్కర్ మాత్రం పెట్టకండి, ఆవిరికి పొగ అలారం మోగే ప్రమాదముంది.

తినేవాటి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. ఆవకాయ, పొడులు, జంతికలు తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి, మటన్ పచ్చడి తీసుకెళ్లకూడదు. ఐరోపా బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు వెంట తేవడం అక్కడ నిషేధం. విమానాశ్రయంలో పట్టుకుంటే తీసేసుకుంటారు, జరిమానా కూడా పడొచ్చు.

ఇక రైలు. మనకు రిజర్వేషన్ లేకుండా దూరప్రయాణమంటే గుండె దడ. పీఎన్ఆర్, తత్కాల్, వెయిటింగ్ లిస్టులకు అలవాటు పడ్డ ప్రాణం కదా. స్విట్జర్లాండ్‌లో మామూలు రైళ్లకు ఆ గొడవే లేదు. టికెట్ ఉంటే రైలు ఎక్కి ఖాళీ సీట్లో కూర్చోవడమే, ఏ సమయం రైలైనా సరే. ఇది తెలియక సీటు రిజర్వేషన్లకని విడిగా డబ్బు కడుతుంటారు. రిజర్వేషన్ తప్పనిసరి అయినవి గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్ లాంటి పేరున్న కొన్ని బండ్లే.

గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కు సుమారు ఎనిమిది గంటలు, 291 వంతెనలు, 91 సొరంగాలు. గొప్ప ప్రయాణమే, కాదనను. కానీ మీకున్న ఐదు రోజుల్లో ఒక పూర్తి రోజు దానికే పోతుంది, దిగేది మీ హోటలుకు దేశం అవతలి అంచున. పిల్లలు రెండు గంటల తర్వాత కిటికీలోంచి చూడటం మానేస్తారు. అదే పట్టాల మీద మామూలు రైళ్లు కూడా తిరుగుతాయి, వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు. ఎప్పుడైనా పది రోజుల సెలవు దొరికితే అప్పుడు చూసుకోవచ్చు.

మొదటి రోజు జ్యూరిక్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్. అక్కడి నుంచి బెర్న్ వైపు ఇంటర్‌సిటీ ఎక్కి, బెర్న్‌లో ఇంటర్లాకెన్ రైలు మారాలి. మొత్తం రెండుంబావు గంటలు, కాస్త అటూ ఇటూ. బెర్న్‌లో మారడానికి ఉండేది కొద్ది నిమిషాలే. స్విస్ రైల్వే వాళ్ల ఎస్‌బీబీ యాప్‌లో అది చూసి చాలామంది భయపడి, అరగంట తర్వాతి రైలు ఎంచుకుంటారు. అక్కర్లేదు. ఆ దేశంలో టైమ్‌టేబుల్ మొత్తం ఆ కొద్ది నిమిషాల చుట్టూనే కట్టారు. 1982 నుంచి రైళ్లు ప్రతి గంటా ఒకే నిమిషానికి నడిచే పద్ధతి పెట్టారు. పెద్ద స్టేషన్లలో అన్ని వైపుల రైళ్లూ గంటకూ అరగంటకూ కొంచెం ముందు వచ్చి ఆగుతాయి, కొంచెం తర్వాత కదులుతాయి. జ్యూరిక్ నుంచి బెర్న్‌కు గంటలోపు చేరితేనే ఈ లెక్క కుదురుతుంది కాబట్టి, 2004 డిసెంబరులో మాట్‌స్టెట్టెన్–రోత్‌రిస్ట్ కొత్త లైను తెరిచి ఆ ప్రయాణాన్ని 56 నిమిషాలకు తెచ్చారు.

మీరు చేయాల్సిందల్లా బెర్న్ చేరకముందే యాప్‌లో తర్వాతి రైలు ప్లాట్‌ఫాం నంబరు, దాని పక్కనుండే ఎ, బి, సి, డి అక్షరం చూసుకోవడం. ప్లాట్‌ఫాంను ఆ అక్షరాలతో భాగాలుగా విడగొట్టి బోర్డులు పెడతారు. మొదటి తరగతి బోగీలకు పైన పసుపు గీత ఉంటుంది. రెండో తరగతి టికెట్‌తో హడావిడిలో వాటిలోకి ఎక్కొద్దు. సామాను చేత్తో పట్టుకుని ముందే తలుపు దగ్గర నిలబడండి. ఒకవేళ తప్పినా మామూలు టికెట్ అయితే నష్టమేమీ లేదు, తర్వాతి రైలు ఎక్కొచ్చు. చౌకగా అమ్మే సూపర్‌సేవర్ టికెట్లు మాత్రం ఫలానా రైలుకే కట్టుబడి ఉంటాయి. మన విమానాలు ఆలస్యం కావడం మామూలే కాబట్టి, దిగే రోజుకు వాటిని కొనొద్దు.

ఇందులో ఇబ్బంది పెట్టేది పెద్ద సూట్‌కేసులు. తలుపు పక్కన, సీట్ల వెనకాల కాస్త చోటుంటుంది, 28 అంగుళాల పెట్టెలు నాలుగు పట్టవు. మనిషికి ఒక చిన్న పెట్టె, వీపుకో బ్యాగు చాలు.

రెండో రోజు నుంచి కొండలు. ఇంటర్లాకెన్ ఓస్ట్‌లో లౌటర్‌బ్రున్నెన్, గ్రిండెల్వాల్డ్ అనే రెండు కొండ ఊళ్లకూ వెళ్లే బండి ఒకటే. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ట్స్వైలూట్షినెన్ అనే చిన్న స్టేషన్‌లో ఆ బండి రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క లౌటర్‌బ్రున్నెన్‌కు, రెండోది గ్రిండెల్వాల్డ్‌కు పోతుంది. లోపల ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు నడిచి వెళ్లే దారి లేదు. కాబట్టి ప్లాట్‌ఫాం మీది తెరను, బోగీ మీద రాసిన ఊరి పేరును చదివాకే ఎక్కాలి. జనం ఎక్కుతున్నారు కదా అని వెంట ఎక్కితే అంతే సంగతులు. తప్పు ముక్కలో కూర్చున్నామని తెలిస్తే ట్స్వైలూట్షినెన్‌లో గబగబా దిగి రెండో దాంట్లోకి మారొచ్చు. అప్పటికే కదిలిపోతే అరగంటకు ఇంకో బండి వస్తుంది. పిల్లలు ఒక ముక్కలో, పెద్దలు ఇంకో ముక్కలో ఎక్కకుండా చూసుకోండి.

మనవాళ్లు జంగ్‌ఫ్రా అనే యుంగ్‌ఫ్రౌయోఖ్‌కు ఏ రోజు వెళ్లాలో ఇక్కడి నుంచే ఖాయం చేయొద్దు. అది 3,454 మీటర్ల ఎత్తులోని స్టేషన్, 1912లో తెరిచారు. ఎండాకాలంలో ఇంటర్లాకెన్ నుంచి రానూపోనూ పూర్తి చార్జీ మనిషికి 200 ఫ్రాంకులు దాటుతుంది. మబ్బు పడితే అంత డబ్బు పెట్టి తెల్లగోడను చూసి రావాలి. పైన కెమెరాలు పెట్టి ఇంటర్నెట్లో ఎప్పటికప్పుడు చూపిస్తుంటారు. రోజూ పొద్దున ఆరింటికే అవి చూసి, కొండ కనిపించిన రోజున ఎక్కండి. నాలుగు రాత్రులూ ఒకేచోట ఉండమనడానికి అసలు కారణం ఇదే. రోజుకో ఊరు మారేవాళ్లకు మబ్బు తొలగేదాకా ఆగే వీలుండదు. రద్దీ నెలల్లో పై రైలుకు సీటు రిజర్వేషన్ అవసరమవుతుంది, టికెట్ కొనేటప్పుడే అది కూడా చేసుకోండి.

ఎక్కేటప్పుడు గ్రిండెల్వాల్డ్ టెర్మినల్ స్టేషన్‌లో దిగి, 2020 డిసెంబరులో వచ్చిన ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కారులో వెళ్లండి. పావుగంటలో ఐగర్‌గ్లెట్షర్ స్టేషన్ చేరుస్తుంది. అక్కడి నుంచి కొండ లోపలి సొరంగంలో రైలు. దారిలో ఐస్‌మేర్ దగ్గర ఐదు నిమిషాలు ఆగుతుంది, దిగి రాతిలో తొలిచిన కిటికీల్లోంచి మంచునది చూసి రావచ్చు. దిగేటప్పుడు అదే దారిన రాకుండా క్లైన షైడెగ్, వెంగెన్, లౌటర్‌బ్రున్నెన్ మీదుగా రైల్లో రండి. పైన ఆక్సిజన్ మన ఊళ్లో దొరికే దాంట్లో మూడింట రెండొంతులే, పరిగెత్తకూడదు. గుండె జబ్బున్న పెద్దవాళ్లుంటే డాక్టర్ని అడిగాకే తీసుకెళ్లాలి. మేలో కూడా సున్నా కన్నా తక్కువ చలి ఉంటుంది, పిల్లలకు చేతి తొడుగులు, బూట్లు మరవొద్దు.

మబ్బు రోజున లౌటర్‌బ్రున్నెన్ నుంచి 141 నంబరు బస్సెక్కి ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతాలకు వెళ్లండి. అవి కొండ పొట్టలో ఉంటాయి కాబట్టి వాన పడినా ఫరవాలేదు. నాలుగేళ్లలోపు పిల్లలను రానివ్వరు. మధ్యస్థంగా ఉన్న రోజున లౌటర్‌బ్రున్నెన్ నుంచి కేబుల్ కారు, చిన్న రైలు మారి మ్యూరెన్ వెళ్లండి. కార్లు లేని ఊరు, 1,638 మీటర్లు, ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ మూడు శిఖరాలూ. యుంగ్‌ఫ్రౌయోఖ్ టికెట్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. నన్నడిగితే ఒక్కటే చూడగలిగితే మ్యూరెన్ చూడమంటాను, కానీ మంచులో ఆడకుండా తిరిగొస్తే పిల్లలు ఒప్పుకోరని తెలుసు.

ఇప్పుడు పాస్ లెక్క. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకు ఇస్తారు, ఐదు రోజులకు లేదు. ఆరు రోజుల రెండో తరగతి పాస్ 2025లో 379 ఫ్రాంకులు. దాంతో గ్రిండెల్వాల్డ్, వెంగెన్ దాకానే ఉచితం. అక్కడి నుంచి యుంగ్‌ఫ్రౌయోఖ్‌కు తగ్గింపు 25 శాతమే. దాని బదులు హాఫ్ ఫేర్ కార్డు కొంటే నెల రోజులు దాదాపు అన్నింటికీ సగం చార్జీ, యుంగ్‌ఫ్రౌయోఖ్‌కు కూడా. మీరు దూరం వెళ్లేది వచ్చే రోజు, పోయే రోజు మాత్రమే. ఆ రెండు రోజులకు సేవర్ డే పాస్, అంటే ఒక రోజంతా రైళ్లలో తిరిగే టికెట్, ముందుగా కొనండి. హాఫ్ ఫేర్ ఉన్నవాళ్లకు 29 ఫ్రాంకుల నుంచి మొదలవుతుంది, ఆరు నెలల ముందు నుంచి అమ్ముతారు, అమ్ముడవుతున్న కొద్దీ ధర పెరుగుతుంది. కార్డుకు 150, రెండు డే పాస్‌లకు 70, మధ్య రోజుల చిన్న టికెట్లకు 40 వేసుకున్నా 260 దగ్గర తేలుతుంది. యుంగ్‌ఫ్రౌయోఖ్ టికెట్లో ఆదా అయ్యేది దీనికి అదనం. పాస్ బాగా కలిసొచ్చేది రోజూ ఊళ్లు మారేవాళ్లకు. కార్డు కొనేటప్పుడే పిల్లలకు స్విస్ ఫ్యామిలీ కార్డు అడగండి. ఆరు నుంచి పదహారులోపు పిల్లలు తల్లితోనో తండ్రితోనో వెళ్తే చాలావరకు రైళ్లలో ఉచితం, ఆరులోపు వాళ్లకు ఎలాగూ టికెట్ లేదు. టికెట్ తనిఖీలో పాస్‌పోర్టు కూడా అడుగుతారు, గదిలో వదిలి వెళ్లొద్దు.

డే పాస్ డబ్బు వెనక్కి రాదు, కాబట్టి వీసా చేతికొచ్చాకే కొనండి. స్విట్జర్లాండ్‌కు కావాల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండులోపు పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. హోటలు ఒక్కటే కాబట్టి ఒక్క బుకింగ్ కాగితం చూపిస్తే సరిపోతుంది, అది కూడా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. మే అంటే మన వేసవి సెలవుల రద్దీ, అపాయింట్‌మెంట్లు దొరకవు. ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి.

చివరి రోజు రాత్రి విమానమైతే వచ్చిన దారిన పోకుండా లూసర్న్ మీదుగా వెళ్లండి. ఇంటర్లాకెన్ ఓస్ట్ నుంచి లూసర్న్‌కు బ్రూనిగ్ కనుమ దాటి సుమారు రెండు గంటలు. బయల్దేరగానే బ్రియెంజ్ సరస్సు కుడిచేతి వైపు వస్తుంది. మైరింగెన్‌లో రైలు దిశ మారి వెనక్కి నడుస్తుంది, కుడి సీటు ఎడమవుతుంది. కనుమ దాటాక లుంగర్న్, సార్నెన్ సరస్సులు రెండూ ఎడమవైపే. అంటే ఓస్ట్‌లో కుడివైపు కూర్చుంటే సీటు మారకుండా మూడు సరస్సులూ కనిపిస్తాయి. లూసర్న్ స్టేషన్‌లో సామాను లాకర్లో పెట్టి, ఊరూ సరస్సూ చూసుకుని, విమానాశ్రయానికి నేరుగా వెళ్లే రైలు ఎక్కండి. గంటకు కాస్త పైన పడుతుంది. లాకర్ దగ్గరికి తిరిగి రావడానికీ, ఒక రైలు తప్పినా సరిపోవడానికీ కలిపి విమానం టైముకు నాలుగున్నర గంటల ముందు లూసర్న్‌లో కదలండి.