గండగై చరిత్ర రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. ఆసుపత్రి డ్యూటీల మధ్య తీరిక చేసుకుని, ఏ చుట్టరికమూ లేని, ఆస్ట్రేలియాలోని గండగై ఊరి చరిత్ర రాయడానికి కూర్చున్నందుకు ముచ్చటేసింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

"1838లో గండగై ఊరు వెలిసింది" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టెయ్యి. అది ప్రభుత్వ కాగితాల్లో ఊరు పుట్టిన ఏడాది. ముర్రంబిడ్జీ నది ఒడ్డున విరాడ్జురి అనే ఆదివాసీ జనం అంతకు ముందు ఎన్ని తరాలుగానో బతుకుతున్నారు. ఆ పల్లంలో ఇళ్ళు కట్టొద్దనీ, నది పొంగితే ఏమీ మిగలదనీ తెల్లవాళ్ళకు వాళ్ళు చెప్పారు. అయినా అక్కడే వీధులు గీశారు. 1844లో నీళ్ళొచ్చి హెచ్చరించినా కదల్లేదు. నీ కథ ఆ వినని మాట దగ్గర మొదలవ్వాలి.

1852 జూన్ 24 నాటి వరద రాత్రిని నువ్వు నాలుగు వాక్యాల్లో దాటేశావు. నాకు బాధ కలిగింది అక్కడే. రెండువందల యాభైమంది ఉన్న ఊళ్ళో కనీసం 78 మంది పోయారు. కొందరు 89 అంటారు. రెండు లెక్కలూ రాయి, ఒకటి దాచకు. అక్కడ జూన్ అంటే చలికాలం. ఆ చీకట్లో అటకల మీదా కప్పుల మీదా చెట్ల మీదా జనం వేలాడుతుంటే, చెట్టు బెరడుతో చేసిన సన్నని పడవలో యారి అనే విరాడ్జురి మనిషి వరదలోకి దిగాడు. ఆ పడవ ఒకరిద్దరికి మించి పట్టదు. ఒక్కొక్కరినే ఒడ్డుకు చేర్చి, మళ్ళీ వెళ్ళాడు. జాకీ జాకీ, లాంగ్ జిమ్మీ అనే మరో ఇద్దరు విరాడ్జురి వాళ్ళూ దిగారు. వీళ్ళు కాపాడింది మొత్తం 69 మందినని ఒక లెక్క, నలభై పైచిలుకని మరొకటి. ఆ పడవ గురించి ఒక పేజీ రాయి. బెరడు ఎలా ఒలుస్తారు, దాన్ని ఎలా నడుపుతారు అన్నవి విరాడ్జురి పెద్దల్ని అడుగు. రాయడానికి ముందు వాళ్ళ అనుమతి కూడా అడుగు. బెరడు ఒలిచిన చెట్టుకు ఆ మచ్చ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అలాంటి చెట్టు కనబడితే దాన్నీ దస్తావేజులాగే చదువు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయంవారి ట్రోవ్ అనే వెబ్‌సైట్‌లో ఆనాటి పత్రికలు ఉచితంగా దొరుకుతాయి. అవి చదివేటప్పుడు ఎవరి పేరు అచ్చయిందో, ఎవరిని పేరు లేకుండా వదిలేశారో చూసుకో.

తర్వాత ఏమైందన్నది ఇంకా ముఖ్యం. యారికీ జాకీ జాకీకీ ఛాతీ మీద వేలాడదీసుకునే లోహపు బిళ్ళలు ఇచ్చారు. ఊళ్ళో ఎవరినైనా ఆరు పెన్నీలు అడిగి తీసుకోవచ్చన్నారు. నువ్వు దీన్ని "ఘనంగా సత్కరించారు" అని రాశావు. అమ్మా, ఆ మాట మీద కాసేపు ఆగు. ప్రాణం పోసినవాడు గుమ్మం ముందు నిలబడి చిల్లర అడగాల్సి రావడాన్ని సత్కారమని నేను రాయలేను. నువ్వూ రాయొద్దు. ఏం ఇచ్చారో అది మాత్రం చెప్పు, చదివేవాళ్ళకు అర్థమవుతుంది.

యారి 1880లో పోయాడు. ఆ ఊరి పేరుతో ముడిపడ్డ పాత గేయాల్లోని, ఎడ్లబండి తోలేవాడి చద్దిపెట్టె మీద కూర్చున్న కుక్క విగ్రహాన్ని 1932లో ఆస్ట్రేలియా ప్రధానమంత్రి జోసెఫ్ లయన్స్ స్వయంగా వచ్చి ఆవిష్కరించాడు. యారికీ జాకీ జాకీకీ ఊళ్ళో కంచు విగ్రహాలు లేచింది 2017లో. కుక్క అధ్యాయం నువ్వు బాగా రాశావు, ఆ ఊరివాళ్ళకు అదంటే నిజంగా ప్రాణం. దాన్ని తీసెయ్యకు. ఈ రెండు తేదీల్నీ మాత్రం పక్కపక్కనే ఉంచు, మధ్యలో నీ వ్యాఖ్యానం వద్దు.

వంతెనలు, బ్యాంకులు, మేయర్ల జాబితా సగానికి తగ్గించు.

వరద తర్వాత ఊరు మెరకకు, పార్నాసస్ కొండవాలుకు తరలింది. పాత వీధులున్న పల్లం ఇంకా అక్కడే ఉంది. వచ్చే జూన్ 24న, డ్యూటీ లేకపోతే, చీకటి పడేవేళ అక్కడికి వెళ్ళు. నది ఎంత దూరంలో వినబడుతోందో, కొండ ఎంత ఎత్తున కనబడుతోందో, అడుగులు లెక్కపెట్టుకుంటూ రాసుకో. ఆ పేజీ ముందు నాకు పంపు.

నీ మేలు కోరే
పెద్దమ్మ